ఆగస్టులో ఫిస్ట్రల్ బీచ్: ఏ రోజని కాదు, ఏ గంటకని చూసుకోండి

ప్రశ్న: బర్మింగ్‌హామ్ నుంచి రెండు కుటుంబాలం ఆగస్టు రెండో వారంలో కార్న్‌వాల్ వెళ్తున్నాం. న్యూకీలో ఫిస్ట్రల్ బీచ్ పక్కనే ఇల్లు తీసుకున్నాం. పిల్లలకి 7, 11 ఏళ్లు, ఇద్దరికీ పూల్లో ఈత వచ్చు. ఇండియా నుంచి వచ్చిన మా అత్తగారు, మామగారు కూడా ఉంటారు. మావారికీ పెద్దబ్బాయికీ సర్ఫింగ్ నేర్చుకోవాలని ఉంది. ఒంటికి అంటుకునే ఆ రబ్బరు వెట్‌సూట్ నిజంగా అవసరమా? పిల్లలకి గాలి ఊదే పడవ కొన్నాం, తెచ్చుకోవచ్చా? బీచ్‌కి ఏ టైముకి వెళ్తే మంచిది?

జవాబు:

మీ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతానండి. మిగతావన్నీ దాని వెనకే వస్తాయి.

నేను ట్రూరోలో ఉంటాను, ఫిస్ట్రల్‌కి అరగంట దూరం. పద్నాలుగేళ్లుగా కుదిరితే వారానికోసారి ఆ నీళ్లలో దిగుతున్నాను, చలికాలంలో కూడా. పుట్టి పెరిగింది భీమిలిలో. నాకు తెలియని సముద్రమా అన్న ధీమాతోనే ఇక్కడ మొదటిసారి దిగాను. ఆ ధీమా ఎలా దిగిపోయిందో కాస్త కింద చెప్తాను.

మన విశాఖ తీరంలో పోటుకీ పాటుకీ, అంటే నీళ్లు పూర్తిగా ఎక్కినప్పటికీ దిగినప్పటికీ, ఎత్తులో తేడా ఎంతుంటుంది? అమావాస్య పున్నాలకి కూడా ఒకటిన్నర మీటరు అటూఇటూ. పొద్దున చూసిన బీచే సాయంత్రం కూడా కనిపిస్తుంది. న్యూకీలో ఆ తేడా ఏడు మీటర్ల దాకా వెళ్తుంది. అంటే రెండంతస్తుల మేడ ఎత్తు నీళ్లు ఆరు గంటల్లో ఎక్కుతాయి, మరో ఆరు గంటల్లో దిగుతాయి. మీరు మధ్యాహ్నం దుప్పటి పరిచి పులిహోర తిన్న చోట సాయంత్రానికి మనిషి మునిగే నీళ్లుంటాయి. పైగా ఆ ఎక్కడం ఒకే తీరుగా ఉండదు. మొదటి గంటలో నత్తనడక, మూడో గంటా నాలుగో గంటా పరుగు. మొత్తం పెరగాల్సిన నీటిలో సగం ఆ రెండు గంటల్లోనే వచ్చేస్తుంది. రాళ్ల చాటున ఫొటోలు దిగుతూ కూర్చున్నవాళ్లకి వెనక దారి మూసుకుపోయేది సరిగ్గా అప్పుడే.

మీకో చిట్కా. మీ అత్తగారు ఇండియా నుంచి తెలుగు క్యాలెండర్ తెచ్చుకునే ఉంటారు. న్యూకీలో అమావాస్యకి, పున్నమికి, ఆ తర్వాతి రోజో రెండ్రోజులో, నిండు పోటు పొద్దునా సాయంత్రమూ ఆరేడు గంటల ప్రాంతంలో వస్తుంది. పూర్తి పాటు మధ్యాహ్నం పన్నెండు, ఒంటిగంట మధ్య. అష్టమి నవములకి ఇది తిరగబడుతుంది: మధ్యాహ్నం పోటు, పొద్దునా సాయంత్రమూ పాటు, తేడా కూడా బాగా తక్కువ. ఇంట్లో కూర్చుని ఒక అంచనాకి రావడానికి ఇది చాలు. నిమిషాలతో సహా కావాలంటే న్యూకీ టైడ్ టేబుల్ చూడాల్సిందే. రోజుకి దాదాపు యాభై నిమిషాలు ఆలస్యమవుతుంటుంది కాబట్టి నిన్నటి టైము ఇవాళ పనికిరాదు.

మీలాంటి కుటుంబానికి నేను చెప్పే వేళ: పాటు పూర్తయి, పోటు ఎక్కడం మొదలైన తర్వాతి మూడు గంటలు. ఇసుక వెడల్పుగా ఉంటుంది, నేల చదునుగా ఉంటుంది, అలలు దూరంగా విరిగి నురుగై మెల్లగా వస్తాయి. పోటు నిండాక అదే అల ఒడ్డు దగ్గరే లేచి దభీమని పడుతుంది. పిల్లల్ని అప్పుడు దింపకండి. ఆ మూడు గంటలూ లైఫ్‌గార్డులున్న టైములోనే పడాలి, అది మరిచిపోవద్దు. ఫిస్ట్రల్లో వేసవి రోజుల్లో పొద్దున పది నుంచి సాయంత్రం ఆరు దాకా ఆర్‌ఎన్‌ఎల్‌ఐ వాళ్లు ఉంటారు. సముద్రంలో ప్రాణాలు కాపాడటానికి 1824లో పుట్టిన స్వచ్ఛంద సంస్థ అది, ప్రభుత్వ శాఖ కాదు.

ఇప్పుడు నా కథ. వచ్చిన మొదటి ఏడాది, సెప్టెంబరు. డ్యూటీ దిగి సాయంత్రం ఏడింటికి బీచ్‌కి వెళ్లాను. లైఫ్‌గార్డులు జెండాలు పీకేసి వెళ్లిపోయారు. పాటు తీస్తోంది. అటూ ఇటూ తెల్లటి నురుగుతో అలలు విరుగుతున్నాయి, మధ్యలో ఓ ఇరవై అడుగుల వెడల్పున మాత్రం నీళ్లు నల్లగా, నున్నగా, అలల్లేకుండా ఉన్నాయి. ఆహా, దిగడానికి ఇదే మంచి చోటు అనుకున్నాను. ఎవరైనా అలాగే అనుకుంటారు, అదే అసలు ప్రమాదం. నడుముదాకా వెళ్లేసరికి మడమల కింద ఇసుక జారిపోవడం మొదలైంది, కింద ఎవరో చాప లాగుతున్నట్టు. ఇంకో అడుగు వేస్తే కాళ్లకి నేల అందలేదు. ఒడ్డుకేసి ఈదాను. భీమిలి ఈత కదా, బాగానే ఈదుతాను. కొట్టగా కొట్టగా తలెత్తి చూస్తే ఒడ్డున గుర్తు పెట్టుకున్న తెల్లగోడ దగ్గరికి రావడానికి బదులు చిన్నదవుతోంది. గుండె జారింది. నాలుగు గుక్కలు మింగాను. బోర్డు మీద వెళ్తున్న ఒక పెద్దాయన చూసి పక్కకొచ్చి, బోర్డు తోక పట్టుకోమని, నేరుగా ఒడ్డుకి కాకుండా పక్కకి, అలలు విరుగుతున్న వైపు లాక్కెళ్లాడు. అక్కడికి చేరాక రెండు అలలు మమ్మల్ని తోసి ఇసుక మీద పడేశాయి. ఆయన ఒక్క మాట కూడా తిట్టలేదు. మళ్లీ లోపలికి వెళ్లిపోయాడు.

దాన్నే రిప్ అంటారు. అలలు ఒడ్డుకి మోసుకొచ్చిన నీళ్లన్నీ తిరిగి లోనికి పోవాలి కదా. ఇసుక మేటల మధ్య ఎక్కడ లోతు ఎక్కువుంటే ఆ కాలవలోంచి పోతాయి. లోతు ఎక్కువ కాబట్టి అక్కడ అల విరగదు, అందుకే ప్రశాంతంగా కనిపిస్తుంది. సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండకొమ్ముల పక్కన కూడా ఇలాంటి కాలవలు పడతాయి. ఫిస్ట్రల్‌కి ఉత్తరాన టోవన్ హెడ్, దక్షిణాన ఈస్ట్ పెంటైర్, రెండు కొసలా కొండకొమ్ములే. మధ్యలో ముప్పావు కిలోమీటరు ఇసుక. ఇసుక మేటలు తుపాను తుపానుకీ చోటు మారతాయి కాబట్టి పోయినేడు బాగున్న చోటు ఈ ఏడు బాగుంటుందని ఎవరూ చెప్పలేరు, నాతో సహా. రోజూ పొద్దున చూసి చెప్పగలిగేది ఆ జెండాలు పాతేవాళ్లే.

అందుకని జెండాలు. పైన ఎరుపు, కింద పసుపు ఉన్న జెండాలు రెండు కనిపిస్తే ఈతకీ, పిల్లల ఆటకీ, బాడీబోర్డులకీ (పొట్టమీద పడుకుని అల ఎక్కే పొట్టి బోర్డులు) ఆ రెంటి మధ్యే. నలుపు తెలుపు గళ్ల జెండాల మధ్య సర్ఫ్‌బోర్డుల వాళ్లు ఉంటారు, అక్కడ ఈత కొడితే మీ నెత్తి మీదికి బోర్డు వస్తుంది. మొత్తం ఎర్రజెండా అయితే ఎవరూ దిగకూడదు. పోటు పాట్లతో పాటు వాళ్లు జెండాలు కూడా జరుపుతుంటారు, కాబట్టి గంట కిందట జెండాల మధ్య దిగాం అన్నది లెక్కలోకి రాదు. అలలు మనిషిని తెలియకుండా పక్కకి జరుపుతాయి కూడా. పది నిమిషాలకోసారి తలెత్తి చూసుకోమని పిల్లలకి ఇంట్లోనే చెప్పి పెట్టండి.

ఒకవేళ లాగేస్తే: కాళ్లకి నేల అందుతుంటే ఈదకుండా నడవాలి. అందకపోతే వెల్లకిలా తేలి, చెవులు నీళ్లలో మునిగేలా తల వెనక్కి వాల్చి, ఊపిరి కుదురుకునేదాకా ఆగాలి. చెయ్యెత్తి అరవాలి. ఓపికుంటే ఒడ్డుకి సమాంతరంగా ఈది, నురుగున్న చోటికి వచ్చి అప్పుడు ఒడ్డుకి తిరగాలి. బోర్డుంటే ఎట్టి పరిస్థితుల్లోనూ వదలకూడదు. ఒడ్డు మీద ఉన్నవాళ్లు వెంటపడి దూకకూడదు, ముఖ్యంగా మావయ్యగారు. లైఫ్‌గార్డుకి చెప్పాలి, వాళ్లు లేని టైమైతే 999 చేసి కోస్ట్‌గార్డ్ కావాలని అడగాలి.

గాలి ఊదే పడవ బర్మింగ్‌హామ్‌లోనే వదిలేయండి. డబ్బులు పెట్టి కొన్నారని తెలుసు, అయినా సరే. ఫిస్ట్రల్ పడమటికి, కాస్త ఉత్తరానికి చూస్తుంది. ఆగ్నేయం నుంచి, అంటే నేల మీంచి గాలి వీచే రోజున సముద్రం పలకలా కనిపిస్తుంది, పిల్లలు పడవ ఎక్కుతామని మారాం చేసేదీ ఆ రోజే. ఆ గాలి మీ పడవని ఐర్లాండ్ వైపు తీసుకుపోతుంది. లైఫ్‌గార్డులు ఆరెంజ్ రంగు గాలిసంచి ఎగరేస్తే అర్థం అదే: గాలి ఊదిన వస్తువులేవీ నీళ్లలోకి తేవద్దని. పడవకి బదులు చిన్నమ్మాయికో చిన్నబ్బాయికో బాడీబోర్డు అద్దెకి తీసుకోండి. సూపర్‌మార్కెట్లలో దొరికే థర్మోకోల్ బోర్డులు కొనకండి, రెండు అలలకి విరుగుతాయి, ఆ తెల్లపూసలు బీచ్ అంతా చిందుతాయి. వాటిని ఏరడం ఇక్కడ మా ఆదివారాల్లో ఒక పని.

వెట్‌సూట్ కావాలా? కావాలి, ఆగస్టులో కూడా. విశాఖలో నీళ్లు ఆ నెలలో 28, 29 డిగ్రీలుంటాయి. ఇక్కడ ఏడాది మొత్తం మీద వెచ్చగా ఉండే ఆగస్టు, సెప్టెంబర్లలో 16, 17 డిగ్రీలు. టీషర్టుతో దిగితే మొదటి నిమిషంలో ఊపిరి ఎగబీల్చుకుంటారు, అది మన చేతుల్లో ఉండదు, అదే టైములో అల మొహాన కొడితే నీళ్లు మింగుతారు. 3/2 అని రాసి ఉన్న సూట్ వేసవికి సరిపోతుంది, అంటే ఒంటికి మూడు మిల్లీమీటర్లు, చేతులకీ కాళ్లకీ రెండు. అద్దెకి దొరుకుతుంది. జిప్ వీపువైపు ఉంటుంది, దానికో పొడుగు తాడు వేలాడుతుంటుంది. మొదటిసారి నేను జిప్ ముందుకి వచ్చేలా తొడుక్కుని షాపులోంచి దర్జాగా నడిచొచ్చాను. కాలికి ప్లాస్టిక్ కవరు తొడిగి సూట్‌లోకి దూరిస్తే సర్రున జారుతుంది, పిల్లలకి తొడిగేటప్పుడు సగం యుద్ధం తప్పుతుంది. సూట్ ఉన్నా సరే, ఏడేళ్ల పిల్లల్ని నలభై నిమిషాలకి మించి నీళ్లలో ఉండనివ్వకండి, పెదాలు నీలమయ్యాక కూడా చలి లేదనే అంటారు. చుడీదారు, జీన్స్ వేసుకుని నడుముదాకా వెళ్లడం మాత్రం వద్దండి. తడిసిన బట్ట బరువు ఎంతో ఒక అల తగిలితే గాని తెలియదు.

సర్ఫింగ్ సంగతి. ఫోర్‌కాస్ట్‌లో రెండంకెలు కనిపిస్తాయి, అల ఎత్తు అడుగుల్లో, అలకీ అలకీ మధ్య వ్యవధి సెకన్లలో. మనవాళ్లు ఎత్తు చూసి వదిలేస్తారు. వ్యవధి చూడాలి. ఏడు సెకన్లంటే దగ్గర్లో గాలి లేపిన అల, కలగాపులగంగా ఉంటుంది, బలం తక్కువ. పద్నాలుగు సెకన్లంటే అట్లాంటిక్ నడిమధ్య ఎక్కడో తుపానులో పుట్టి, రెండువేల కిలోమీటర్లు రెండు రోజులకి పైగా ప్రయాణం చేసి వచ్చింది. మధ్యలో దాన్ని ఆపే నేల లేదు, ఫిస్ట్రల్ గొప్పా అదే, భయమూ అదే. మూడడుగులే అని రాసి ఉన్నా పద్నాలుగు సెకన్ల అల మనిషిని తిరగలిలో వేసినట్టు తిప్పుతుంది. కొత్తవాళ్లకి ఒకటి నుంచి మూడడుగులు, పది సెకన్ల లోపు అయితే చక్కగా ఉంటుంది. పెద్ద వ్యవధి అలలు గుంపుగా వస్తాయి. పది నిమిషాలు ఏమీ ఉండదు, తర్వాత వరసగా నాలుగైదు. మీ అత్తగారు చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని పాదాలు తడుపుకుంటుంటే పక్కన ఒకరు సముద్రంవైపు చూస్తూ నిలబడండి.

క్లాసు తీసుకోండి, సొంతంగా మొదలుపెట్టకండి. బీచ్ ఉత్తరపు కొసన సర్ఫ్ స్కూళ్లు, అద్దె షాపులు, టాయిలెట్లు, కాఫీ షాపులు అన్నీ ఒకేచోట ఉంటాయి. ఆగస్టులో ముందే బుక్ చేసుకోవాలి, పిల్లలకి కనీస వయసు ఎంతో అడగండి, స్కూలు స్కూలుకీ మారుతుంది. మీవారికి పొట్టి బోర్డు మీద మోజు పుడుతుంది. వద్దని చెప్పండి. ఎనిమిదడుగుల పైమాట ఉన్న ఫోమ్ బోర్డు మీదే మొదటి రోజు నిలబడటం అయ్యేపని. రోజంతా నడుములోతు నీళ్లలో, విరిగిపోయిన నురుగు మీదే సాధన. అల వస్తుంటే బోర్డుని మీకూ అలకీ మధ్య ఎప్పుడూ పెట్టకండి, పక్కన పట్టుకోండి. నేను చూసిన పెదవి చీలికలన్నీ అలాగే వచ్చాయి. పడితే తల కిందులుగా దూకకుండా వెనక్కి చదునుగా పడి, పైకి తేలేటప్పుడు రెండు చేతులూ తలకి అడ్డం పెట్టుకోవాలి. టోవన్ హెడ్ అవతల క్రిబ్బర్ అని ఒక రాతిగుట్ట మీద పెద్ద అల విరుగుతుందని, దాన్ని చూడాలని ఎవరైనా అంటే, అది చలికాలపు పెద్ద తుపాన్లకి గాని లేవదు. ఆగస్టులో అక్కడ సీల్ అనే సముద్ర జంతువు తల కనిపిస్తే అదృష్టం.

లిటిల్ ఫిస్ట్రల్ అని ఉత్తరాన పాటుకి బయటపడే చిన్న ఇసుక ముక్క ఉంది. ఖాళీగా ఉంటుంది కదా అని వెళ్తారు. లైఫ్‌గార్డులుండరు, పోటు వస్తే నిలబడటానికి చోటుండదు. నీళ్ల గుంటల్లో పీతలు చూడ్డానికైతే పాటు పూర్తయ్యేలోపు వెళ్లి, పోటు మొదలవగానే తిరిగొచ్చేయండి.

వీవర్ చేప గురించి ఎవరూ చెప్పరు. పాటు వేళల్లో లోతులేని నీళ్లలో ఇసుకలో కప్పుకుని పడుకుంటుంది, వీపు మీద ముళ్లు మాత్రం పైకి. తొక్కితే తేలు కుట్టినట్టే. మా మేనకోడలికి ఇలాగే జరిగింది, ఐదు నిమిషాల్లో కాలు మడమదాకా మండిపోతోందని గోల. లైఫ్‌గార్డు కంగారుపడకుండా బకెట్లో ఓర్చుకోగలిగినంత వేడినీళ్లు తెచ్చి కాలు అందులో పెట్టించాడు. అరగంటకి ఐస్‌క్రీం అడిగింది. ఐస్ పెట్టకూడదు, వేడినీళ్లే మందు. రబ్బరు చెప్పులో, వెట్‌సూట్ బూట్లో ఉంటే ఈ గొడవే లేదు. వేడినీళ్లు కాలికి పోసే ముందు పెద్దవాళ్లు చేత్తో చూసుకోండి, నొప్పిలో పిల్లలకి వేడి ఎంతో తెలియదు.

పెద్దవాళ్లకి ఈ బీచ్‌లో చలిగాలే అసలు ఇబ్బంది. ఎండ కాస్తున్నా స్వెట్టరు, చెవులకి మఫ్లరు. గుడ్డ తడకలా ఉండే విండ్‌బ్రేక్ ఒకటి కొని, గాలి వచ్చే వైపు సుత్తితో లోతుగా దిగ్గొట్టండి. ఈ చల్లగాలికి ఎండ తెలియదు, మన ఒంటిరంగుకి ఏమీ కాదనుకుంటాం గాని ముక్కు, మెడ వెనక తోలు ఊడుతుంది, సన్‌స్క్రీన్ రాయండి. తినడానికి తెచ్చుకున్నవి మూత తీసి వదలకండి. ఇక్కడి సీగల్ పక్షులు మన కాకుల్లా బతిమాలవు, వెనక నుంచి వచ్చి చేతిలోది ఎత్తుకుపోతాయి. కార్నిష్ పేస్టీ, అంటే లోపల కూరు పెట్టి కాల్చిన పెద్ద కజ్జికాయ లాంటిది, కొంటే ముందే అడగండి: అసలు పేస్టీ అంటేనే బీఫ్, బంగాళదుంప, స్వీడ్ దుంప, ఉల్లిపాయ. ఆ పేరుకి 2011లో రక్షణ కూడా వచ్చింది, ఆ పేరుతో అమ్మితే బీఫే. తిననివాళ్లకి చీజ్, ఉల్లిపాయ వేసినది దాదాపు ప్రతి షాపులోనూ ఉంటుంది. వేరే కవర్లో కట్టమనండి.

దారి గురించి రెండు ముక్కలు. శనివారం బయల్దేరకండి, ఇక్కడ సెలవు ఇళ్లన్నీ శనివారమే చేతులు మారతాయి, ఎం5 హైవే మీద బ్రిస్టల్ నుంచే ట్రాఫిక్ ఆగుతుంది. ఆగస్టు మొదటి పక్షంలో బోర్డ్‌మాస్టర్స్ అని సర్ఫింగ్, పాటల పండగ జరుగుతుంది, పోటీలు ఫిస్ట్రల్లోనే. మీ తేదీల్లో పడితే పార్కింగ్ మీద ఆశ వదిలేసి ఇంటి నుంచి నడిచే వెళ్లండి. పెద్దవాళ్లకి పండగ చూడ్డం సరదాగానే ఉంటుంది, సాయంత్రం తొమ్మిదికి కాస్త ముందు సూర్యుడు నేరుగా సముద్రంలోకి దిగడం ఇంకా బాగుంటుంది. మనవైపు సముద్రంలోంచి పుట్టే సూర్యుణ్ణి చూసినవాళ్లం కదా, మామగారికి అది తప్పకుండా చూపించండి.

వారంలో ఒక రోజైనా ఎర్రజెండా ఎగిరే అవకాశం ఉంది. ఆ రోజు బీచ్ దగ్గర కూర్చుని పిల్లల్ని బుజ్జగించకండి, కారెక్కి దక్షిణ తీరానికి, ఫాల్‌మత్‌కి వెళ్లిపోండి, గంట లోపు. అక్కడ గిలింగ్‌వేజ్ అనే బీచ్ దక్షిణానికి తిరిగి ఉంటుంది, పడమటి అలలు దాని మీద నేరుగా పడవు. ఫిస్ట్రల్లో అలలు గర్జిస్తున్న రోజునే అక్కడ నీళ్లు పాదాల దగ్గర గుసగుసలాడుతుంటాయి. మీ అత్తగారు మోకాళ్లదాకా దిగేది బహుశా అక్కడే.